పగలు పలకలు – రాత్రి పద్యాలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో మార్కాపురం పలకల వ్యాపారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడమని కార్యదర్శి గారు మా ఇంటికి వచ్చినప్పుడు, "అయ్యా, నేను ఒక్కరోజు కూడా ఉద్యోగం చేసినవాణ్ణి కాదు. నాకు పెన్షనూ లేదు, పి.పి.ఓ. నంబరూ లేదు. ఏ అర్హతతో మాట్లాడమంటారు?" అని అడిగాను. ఆయన నవ్వి, "మీ ఆవిడ మా సభ్యురాలు. ఆ అర్హత చాలు" అన్నారు. నిజమే. మా ఆవిడ ముప్ఫయ్యేళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది. ఆమెకు సన్మానం చేసి, శాలువా కప్పి, ఆర్డరు చేతికిచ్చి పంపారు. నాకు ఇంతవరకు అట్లాంటి ఆర్డరు ఎవరూ ఇవ్వలేదు. వ్యాపారస్తుడికి రిటైర్మెంటు ఇచ్చేవాళ్ళు ఇద్దరే. ఒకరు కొడుకు, రెండోవారు యమధర్మరాజు. వారిద్దరి దయవల్ల ఇంకా షెడ్డుకు వెళ్ళివస్తూనే ఉన్నాను.

నాకిచ్చిన అంశం "కుటుంబ వ్యాపారం చేస్తూ కళను నిలుపుకోవడం ఎట్లా?" అని. ఈ విషయంలో నేను గెలిచినవాణ్ణని కార్యదర్శి గారి ఉద్దేశం. ఎంతవరకు గెలిచానో, ఎవరి ఖర్చు మీద గెలిచానో ఈవేళ దాచుకోకుండా చెబుతాను.

మాది మార్కాపురం. మా నాయన పలకల వ్యాపారి. ఇక్కడ కూర్చున్న పెద్దల్లో అక్షరాభ్యాసం నాడు ఒళ్ళో పెట్టుకున్న పలక మా ఊరి రాయి కానివారు తక్కువమందే ఉంటారు. గని నుంచి వచ్చిన పలకరాయిని ఉలితో పొరలు పొరలుగా విడదీయాలి. కొలతకు కోయాలి. నున్నగా రుద్దాలి. చెక్క చట్రంలో బిగించాలి. డజన్ల లెక్కన కట్టలు కట్టి, గడ్డి వేసి పెట్టెల్లో సర్దాలి. రాయి మొండిదే గాని, దారిలో ఒక్క కుదుపుకు పగులుతుంది. పలకల వ్యాపారి గుండె కూడా అట్లాంటిదే. మాది పెద్ద ఫ్యాక్టరీ ఏమీ కాదు. ఊరి బయట రేకుల షెడ్డు, పాతికమంది పనివాళ్ళు, ఒక గుమాస్తా, మా నాయన, నేను.

ఈ వ్యాపారానికి ఒక కాలం ఉంది. జూన్‌లో బళ్ళు తెరుస్తారు. అప్పటికి దేశం మీద దుకాణాలన్నిటికీ సరుకు చేరాలి. అంటే సంక్రాంతి వెళ్ళినప్పటి నుంచి మే నెలాఖరు దాకా మాకు ఊపిరి సలపదు. కూలి వారం వారం ఇవ్వాలి. డబ్బు మాత్రం బళ్ళు తెరిచి పలకలు అమ్ముడుపోయాక, జులైలోనో ఆగస్టులోనో, మేము ఊరూరా తిరిగి వసూలు చేసుకుంటే వస్తుంది. ఇక నాటకాలకు కూడా ఒక కాలం ఉంది. పంటలు ఇంటికి చేరి, ఎండలు ముదిరి, తిరునాళ్ళు మొదలయ్యే కాలం. అదీ సంక్రాంతి తర్వాత నుంచి మే దాకానే. భగవంతుడు పలకలకూ పద్యాలకూ ఒకే సీజను పెట్టాడు. నా కష్టమంతా అక్కడే మొదలైంది.

నాకు పద్యం పిచ్చి చిన్నప్పుడే పట్టింది. చెన్నకేశవస్వామి గుడి దగ్గర నాటకం పడితే, తెల్లవారి కోడి కూసే దాకా ముందు వరసలో చాప మీద కూర్చునేవాణ్ణి. 1971లో చదువు ఆపి షెడ్డుకు వచ్చాను. మా నాయన నాకు మొదట అప్పజెప్పిన పని వసూళ్ళు. అందులోనూ గిద్దలూరు, నంద్యాల లైను. అప్పుడు మనకున్నది మీటరు గేజి బండి. మార్కాపురంలో ఎక్కితే కంభం, గిద్దలూరు దాటి, నల్లమల అడవిలోంచి నంద్యాల చేరేది. గిద్దలూరులో ఒక హార్మోనిస్టు గారుండేవారు. నంద్యాలలో వసూళ్ళు చూసుకొని తిరుగుదారిలో గిద్దలూరులో దిగి, ఒక రాత్రి ఆయన అరుగు మీద ఉండి పద్యం నేర్చుకొని మర్నాటి బండికి ఇంటికి వచ్చేవాణ్ణి. ఒక రోజు ఎందుకు ఆలస్యమైందని మా నాయన అడగలేదు. బండి ఆలస్యమని నేను రెండుమూడుసార్లు అబద్ధం చెప్పాను. ఆయన తల ఊపి ఊరుకున్నారు. నమ్మారనుకున్నాను.

నాలుగైదేళ్ళలో నాకు వేషాలు రావడం మొదలైంది. నా గొంతుకు, నా ఒడ్డూపొడుగుకు హరిశ్చంద్రుడు ఎవరూ ఇవ్వలేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి 'సత్య హరిశ్చంద్రీయం'లో నక్షత్రకుడి వేషం దక్కింది. బాకీ తీర్చమని హరిశ్చంద్ర మహారాజును కాశీ దాకా వెంటాడి వేపుకుతినే శిష్యుడు. ఆ వేషం నాకు ఇట్టే అమరింది. ఎందుకు అమరదు? జులై నుంచి దసరా దాకా నేను చేసేది అదే పని. ఏ దుకాణం ముందు ఎంతసేపు నిలబడాలి, ఏ మాట నవ్వుతూ అనాలి, ఏ మాట నలుగురిలో వినపడేట్టు అనాలి, బాకీదారు కళ్ళు దించుకున్నప్పుడు మనం ఎటు చూడాలి – ఇవన్నీ నాకు ఏ గురువూ నేర్పలేదు. పలకల బిల్లులు నేర్పాయి. కంభంలో వేసినా, గిద్దలూరులో వేసినా, "ఈ నక్షత్రకుడు నిజంగా బాకీ వసూలుకు వచ్చినట్టున్నాడే" అనేవారు.

ఇక 1979 సంగతి. తిరునాళ్ళ రోజులు. ఆ రోజు శనివారం. శనివారం సాయంత్రం మాకు కూలిరోజు. మా నాయనకు జ్వరంగా ఉండి, "ఒరే అబ్బాయ్, ఈ వారం కూలి నువ్వు ఇచ్చిరా" అని డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు. ఆ రాత్రే మా ఊళ్ళో మా నాటకం. రంగు వేసే ఆయన ఒంగోలు నుంచి వచ్చాడని నాలుగు గంటలకే కబురొచ్చింది. నేను డబ్బు పెట్టెలో పెట్టి తాళం వేసి, గుమాస్తాతో "సోమవారం ఇస్తానని చెప్పు" అని వెళ్ళిపోయాను. సోమవారం ఎంత దూరంలే అనుకున్నాను. నాకు దూరం కాదు. తిరునాళ్ళ పూట పిల్లల చెయ్యి పట్టుకొని అంగళ్ళ ముందు నడవాల్సిన వాళ్ళకు అది చాలా దూరం.

రాత్రి పదకొండు దాటాక నా రంగం వచ్చింది. మైదానం నిండా జనం. నేను హరిశ్చంద్రుడి ఎదుట నిలబడి బాకీ అడుగుతూ పద్యం ఎత్తుకొని, రాగం తీసి, గర్వంగా ఆపాను. ఆ నిశ్శబ్దంలో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది. మా షెడ్డులో పలకలు రుద్దే ఆమె. "అయ్యా, ఆ రాజు బాకీ సంగతి తర్వాత సూసుకుందువు గాని, మా శనారం కూలి మాటేంది?" అంది.

మైదానమంతా గొల్లున నవ్వింది. హార్మోనియం వాయించే ఆయన కూడా నవ్వాడు. నా మొహం మీద రంగు ఉండబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఆ రోజు నా అసలు రంగు ఊరంతా చూసేది. ఆమె నవ్వించడానికి అనలేదు. ఆమె చంకలో నిద్రపోతున్న పిల్ల ఉంది. దీపాలు పెట్టేదాకా షెడ్డు గేటు దగ్గర కూర్చొని, అక్కణ్ణించి తిన్నగా నాటకానికి వచ్చారు పాతికమందీ.

జ్వరంతో ఉన్నా మా నాయన నా వేషం చూద్దామని దుప్పటి కప్పుకొని వచ్చి కూర్చున్నారు. ఆయన లేచారు. నా వైపు చూడలేదు. పనివాళ్ళ వైపు చెయ్యి ఊపి ముందు నడిచారు. ఆ అర్ధరాత్రి లాంతరు వెలుగులో షెడ్డు తెరిచి, పేరు పేరునా పిలిచి కూలి ఇచ్చి, "ఆలస్యమైంది, తప్పు మాదే" అన్నారట. నేను ఇక్కడ మిగతా పద్యాలు పాడాను. ఎట్లా పాడానో గుర్తులేదు.

మర్నాడు ఆయన నన్ను ఒక్కమాట తిట్టలేదు. వేషం మానుకోమనీ అనలేదు. కూలి పెట్టె తాళంచెవి తన మొలతాడు నుంచి విప్పి నా చేతిలో పెట్టారు. "ఇకనుంచి ఇది నీ దగ్గరే ఉంటుంది. నక్షత్రకుడి పంచెకు జేబు ఉండదు. పెట్టె ఖాళీ చేశాకే రంగు పూసుకో" అన్నారు. అంతే. ఆ తర్వాత 30 ఏళ్ళకు పైగా వేషాలు వేశాను. శనివారం నాటకం ఉంటే మధ్యాహ్నానికే కూలి ఇచ్చేవాణ్ణి. కూలి ఇవ్వని రోజున మొహానికి రంగు పూసుకోలేదు.

ఈ రెండు పడవల ప్రయాణం నా ఒక్కడిదే కాదు. బళ్ళారి రాఘవ గారిని తీసుకోండి. 1880లో తాడిపత్రిలో పుట్టారు. బళ్ళారిలో పేరుమోసిన క్రిమినల్ వకీలు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారు కూడా వకీలే, నాటక కర్తే. కాబట్టి కోర్టూ రంగస్థలమూ రెండూ ఆయనకు ఇంటి నుంచే వచ్చాయి. వకీలు వృత్తిలో సంపాదించి నాటకానికి ఖర్చు పెట్టారు గాని, నాటకం మీద బతకలేదు. అందుకే ఆయనకు రంగస్థలం మీద తనకు నచ్చిన మార్పులు చేసే స్వేచ్ఛ ఉండేది. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని అంత గట్టిగా నిలబడగలిగారు.

రవీంద్రనాథ్ టాగూరు గారి కథ ఇంకొక రకం. తండ్రి దేవేంద్రనాథుల ఆజ్ఞ మీద 1890లలో తూర్పు బెంగాల్‌లో తమ ఎస్టేటు వ్యవహారాలు చూడటానికి వెళ్ళారు. పద్మానది మీద పడవలో ఉంటూ శిస్తులు, దస్తావేజులు, రైతుల అర్జీలు చూశారు. కలకత్తాలోనే ఉండిపోతే ఆ పల్లెలూ, ఆ మనుషులూ ఆయనకు తెలిసేవారు కారు. ఆయన మంచి కథలు చాలా ఆ రోజుల్లో పుట్టినవే. 'పోస్ట్‌మాస్టర్' కథ కూడా ఆ కాలానిదే. మీలో తపాలా శాఖలో పనిచేసినవారెవరైనా ఉంటే కొంచెం గర్వపడవచ్చు.

ఇక కళే కుటుంబ వ్యాపారమైనవారు సురభి వారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలుపెట్టి, తరతరాలుగా ఇంటిల్లిపాదీ నాటకం మీదే బతికారు. అక్కడ కూడా ఒకరు రాజు వేషం వేస్తుంటే ఇంకొకరు టిక్కెట్లు లెక్కపెట్టాలి, ఒకరు తెరలు లాగాలి, ఒకరు పొయ్యి మీద ఎసరు పెట్టాలి. లెక్కలు లేని కళ ఎక్కడా లేదు.

'చక్రధారి' సినిమా 1977లో వచ్చింది. మీరంతా చూసే ఉంటారు. కుమ్మరి గోరా భజనలో మైమరచి మట్టి తొక్కుతూ, తన పసిబిడ్డ కాళ్ళ కిందికి వచ్చినా తెలుసుకోలేదు. దేవుడు దిగివచ్చి కాపాడాడు కాబట్టి అది భక్తి కథ అయింది. మన ఇళ్ళలో దేవుడు దిగిరాడు. మన కాళ్ళ కింద ఎవరున్నారో మనమే చూసుకోవాలి.

వ్యాపారం నా కళకు ఏమిచ్చిందో చెప్పాను. కళ నా వ్యాపారానికి ఏమిచ్చిందో కూడా చెప్పాలి.

మా షెడ్డులో రాయి కోసే ఒకాయన తత్త్వాలు పాడేవాడు. మంచి గొంతు. రంపం చప్పుడులో కూడా ఆయన రాగం వినపడేది. 1985 ప్రాంతంలో ఆయన పాటలో ఏదో తేడా అనిపించింది. అంతకుముందు ఒక్క దమ్ములో పాడే చరణాన్ని రెండుసార్లు ఆగి పాడుతున్నాడు. నేను పద్యం పాడేవాణ్ణి కాబట్టి దమ్ము ఎక్కడ తెగుతుందో నా చెవికి పట్టింది. లెక్కల పుస్తకంలో మాత్రం ఆయన రోజుకు కోసే రాళ్ళు తగ్గలేదు. డాక్టరుకు చూపిస్తే ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరిందన్నారు. సిలికోసిస్ అనే మాట నేను మొదటిసారి విన్నది అప్పుడే. ఆ దుమ్ము ఒకసారి లోపల చేరితే తిరిగి బయటికి రాదు. ఆ తర్వాత రాయి కోసేచోట నీళ్ళు పడే ఏర్పాటు చేశాము. ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాము. ఆయన్ని పెట్టెలు సర్దే పనికి మార్చాము. ఆయన మరికొన్నేళ్ళు బతికాడు గాని, మళ్ళీ పాడలేదు. నా దమ్ము కోసం నేను ఉదయం లేచి మిరియాల కషాయం తాగేవాణ్ణి. పాతికమంది దమ్ము సంగతి నాకు అంత ఆలస్యంగా ఎందుకు తోచిందని ఇప్పటికీ బాధపడతాను.

మా నాయన 1991లో పోయారు. ఆ తర్వాత పాత లెక్కల పుస్తకాలు తిరగేస్తుంటే 1972 నాటి పద్దు ఒకటి కనబడింది. "గిద్దలూరు మకాం, అబ్బాయి పద్యం ఖర్చు – 3 రూపాయలు." ఆ పేజీలోనే కాదు, నేను ఆ లైనుకు వెళ్ళిన ప్రతిసారీ ఆ పద్దు ఉంది. బండి ఆలస్యమని నేను చెప్పిన అబద్ధం ఆయన ఒక్కరోజు కూడా నమ్మలేదు. హార్మోనిస్టు గారున్న ఊరి వసూళ్ళు నాకే ఎందుకు అప్పజెప్పారో అప్పుడు అర్థమైంది. కళను నేను వ్యాపారం నుంచి దొంగతనంగా దాచుకున్నానని ఇరవయ్యేళ్ళు అనుకున్నాను. అది ఆయన లెక్కరాసి ఇచ్చింది.

పలకల వ్యాపారం తర్వాత తగ్గింది. ప్లాస్టిక్ పలకలు వచ్చాయి, రేకు పలకలు వచ్చాయి, తర్వాత పిల్లలు తిన్నగా నోటుపుస్తకాల్లోనే రాయడం నేర్చారు. ఎప్పుడూ పిల్లల ఒళ్ళో ఉన్న మా రాయి ఇళ్ళ గోడలకూ నేలకూ అంటించే టైల్సుగా మారి విదేశాలకు పోవడం మొదలుపెట్టింది. మేమూ అదే పనిలోకి మారాము. పద్యనాటకానికీ రోజులు మారాయి. రెండూ తగ్గే రోజుల్లో ఒకదానికొకటి తోడుగా ఉన్నాయి. సరుకు పోని ఏడు పద్యం నన్ను నిలబెట్టింది. నాటకం దొరకని ఏడు షెడ్డు నిలబెట్టింది.

ఇక చివరి మాట. "రెండూ ఎట్లా సమన్వయం చేశారు?" అని అందరూ నన్ను అడుగుతారు. మా ఆవిణ్ణి ఎవరూ అడగరు. నేను తెల్లవార్లు వేషం వేసి మధ్యాహ్నం దాకా పడుకున్న రోజుల్లో ఆమె పొద్దున్నే వంట చేసి, పిల్లల్ని తయారుచేసి, బడికి వెళ్ళి పాఠం చెప్పి, సాయంత్రం వచ్చి షెడ్డు లెక్కలు రాసేది. సరుకు లారీకి ఎక్కించేటప్పుడు డజన్లు లెక్కపెట్టింది ఆమె. అప్పులవాళ్ళు ఇంటికి వస్తే సమాధానం చెప్పిందీ ఆమే. ఆమెకు వీణ వచ్చు. పెళ్ళికి ముందు నేర్చుకుంది. 1977లో మా ఇంటికి వచ్చిన వీణకు నేను హార్మోనియానికి చేయించినట్టు ఒక గలేబు కూడా కుట్టించలేదు. అది అటక మీదకు ఎక్కింది. నా సమన్వయం అంటే అది. తక్కెడ సమంగా నిలిచిందంటే ఒక పక్క ఆమె కూర్చోబట్టి.

ఆమె రిటైరయిన మర్నాడు వీణ దించాము. తీగలు తుప్పుపట్టి, బుర్ర బీటలు వారింది. బాగుచేయించాము. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆమె వీణ పట్టుకుంటుంది, షెడ్డు లెక్కలు నేను రాస్తాను. వేళ్ళు అంత తేలిగ్గా సాగడం లేదంటుంది. ముప్ఫయ్యయిదేళ్ళ బాకీ కదా, అసలు కూడా తీరదు. వడ్డీ అయినా కడదామని కూర్చుంటాను.

ఈ రోజు మీరు పెన్షనర్ల దినం చేసుకుంటున్నది 1982 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును తలచుకొని. పెన్షన్ ఎవరి దయాదాక్షిణ్యమో కాదు, చేసిన సేవకు రావలసినదని ఆ తీర్పు చెప్పింది. నాకు కోర్టు విషయాలు తెలియవు గాని, మా షెడ్డు ఆమె ఆ రాత్రి నాటకంలో లేచి అడిగిందీ అదే న్యాయం.

కాబట్టి పెద్దలారా, మీ పిల్లలు దుకాణం చూసుకుంటూ పాట నేర్చుకుంటామంటే, బొమ్మలు వేస్తామంటే అడ్డుపడకండి. మా నాయన లాగా పద్దు రాసి ఇవ్వండి. ఆ పిల్లలకు మాత్రం ఒక్కమాట చెప్పండి. కళకు ఇచ్చే గంట మనదై ఉండాలి. పనివాళ్ళ కూలి గంటా, ఇల్లాలి నిద్ర గంటా తీసుకొచ్చి దేవుడికి పెట్టినా నైవేద్యం కాదు. ఇక మీలో ఎవరి ఇంట్లోనైనా అటక మీద వీణో, ట్రంకు పెట్టెలో గజ్జెలో, పాత నోటుపుస్తకంలో సగం రాసిన కవితో ఉంటే, అది మీది కాకపోయినా, ఈ రాత్రి ఇంటికి వెళ్ళి ఎవరిదో కనుక్కొని దించి దుమ్ము దులపండి.

పద్యం పాడమని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. ఇవాళ వద్దు. వచ్చే సభకు మా ఆవిణ్ణి వీణతో పిలవండి. కింద చాప మీద కూర్చొని తాళం నేను వేస్తాను.